నాయినమ్మ 'నా పాలు' అన్న రోజు

మొన్న మా గల్లీవాళ్ళ పిల్ల పెండ్లికి పోయాను. యాకుత్‌పురా స్టేషన్ దాటి మా వైపు వచ్చే దారిలో ఉన్న ఫంక్షన్ హాలులో చేశారు. ఆడవాళ్ళ వైపు కూర్చుని డబల్ కా మీఠా తింటూ యథాలాపంగా తలెత్తితే, ఎదురుగోడ మీద బాగా ఎత్తులో రెండు చదరపు గుర్తులు కనిపించాయి. సిమెంటు పెట్టి మూసి, పైన గులాబీ రంగు వేశారు గాని ఆ కంతల ఆకారం దాగలేదు. నా చేతిలో చెంచా ఆగిపోయింది. పక్కనున్న అమ్మాయి "ఏమైందాంటీ, బాగలేదా?" అని అడిగింది. "సినిమా బొమ్మ అక్కణ్ణుంచే పడేది" అన్నాను. ఆ అమ్మాయి మర్యాదగా తలూపి, కుర్చీ కొంచెం అటు జరుపుకుంది.

అది మా టాకీసు. నేను కూర్చున్న చోటే జనానా క్లాసు ఉండేది.

మాది పాల ఇల్లు. వాకిట్లోనే కొట్టం, కొట్టం నిండా బర్రెలు. పొద్దున లేస్తే పచ్చగడ్డి, తవుడు, పేడ, పొంగుతున్న పాలు, అన్నీ కలిసిన వాసన. బడిలో నా పక్కన కూర్చోవడానికి పిల్లలు ముక్కు మూసుకునేవాళ్ళు. వాళ్ళ తల్లులు మాత్రం మా ఇంటి ముందే గిన్నెలు పట్టుకుని నిలబడేవాళ్ళు. ఇంట్లో పెత్తనమంతా మా నాయినమ్మది. బాపు పాలు పితికేవాడు, మా అమ్మ కాచేది, నాయినమ్మ మాట్లాడేది. బర్రె పాలని ఆమె ఏనాడూ బర్రె పాలు అని అనలేదు. "నా పాలల్ల చుక్క నీళ్ళుండయి. నా పాలు తాగిన పోరగాండ్లు పహిల్వాన్లయిండ్రు" అనేది. తెలుగు రానివాళ్ళు వస్తే అదే మాట వాళ్ళ భాషలో, "మేరా దూద్ దేఖో, మలాయి దేఖో" అనేది. గల్లీలో అందరికీ అలవాటే కాబట్టి ఎవరూ నవ్వేవాళ్ళు కాదు. బర్రె ఆమెదైతే పాలు కూడా ఆమెవే కదా.

మాకూ పక్కింటికీ మధ్య ఒకటే గోడ. ఆ ఇంట్లో, పిన్ని వరసలో మేం ఖాలా అని పిలిచే ఆమె ఉండేది. భర్త పోయాక చీరల మీద జరీపూలు కుట్టి పత్తర్‌గట్టి దుకాణాలకు ఇచ్చి బతికేది. ఆమెకు ఒక్కడే కొడుకు. వాడు పుట్టినప్పుడు ఖాలాకు టైఫాయిడ్ వచ్చి పాలు ఎండిపోతే, మా నాయినమ్మే బర్రె పాలు పలచగా కాచి, దూదివత్తితో ఆ పసిగుడ్డు నోట్లో పిండిందట. ఈ కథ బర్రె ఈనినప్పుడల్లా వినేదాన్ని. జున్ను గిన్నె గోడ మీంచి అందిస్తూ నాయినమ్మ మొదలుపెట్టేది, అందుకుంటూ ఖాలా పూర్తి చేసేది. రంజాన్‌కి ఆ గిన్నెలోనే శీర్ ఖుర్మా తిరిగొచ్చేది. "పాలు నావే, పేరు నీది" అని నాయినమ్మ దెప్పిపొడిచి, రెండుసార్లు పెట్టించుకుని తినేది.

ఆ పసిగుడ్డు పెరిగి పెద్దవాడై మా టాకీసులో ఆపరేటర్ అయ్యాడు. నేను భాయ్ అని పిలిచేదాన్ని. నా దృష్టిలో ఆ రోజుల్లో అతనికంటే గొప్ప ఉద్యోగం ఎవరికీ లేదు. తెగిపోయిన ఫిలిం ముక్కలు జేబులో వేసుకొచ్చి నాకిచ్చేవాడు. కాలిపోయిన బల్బులో నీళ్ళు పోసి, ఎండకు అద్దం తిప్పి, కొట్టం గోడ మీద హీరోయిన్ బొమ్మ వేసేదాన్ని. ఒక్కోసారి ఆమె తలకిందులుగా, బర్రె వీపు మీద పడేది.

జనానా క్లాసు గురించి ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు. హాలులో ఒక భాగమంతా ఆడవాళ్ళకే. ముందర మందపాటి పరదా. దీపాలారిపోయాక దాన్ని జరిపేవాళ్ళు, వెలిగే ముందు మూసేవాళ్ళు. లోపల పసిపిల్లల ఏడుపులు, పల్లీల పొట్టు, అత్తరు, మల్లెపూలు, మా మీంచి వచ్చే పేడవాసన. బొట్టు పెట్టుకున్నవాళ్ళూ బురఖా పక్కన పెట్టినవాళ్ళూ ఒకే బెంచీ మీద ఇరుక్కుని కూర్చునేవాళ్ళు, సినిమా నడుస్తున్నంతసేపూ సినిమాకు సలహాలిచ్చేవాళ్ళు. ఒకసారి నేను చీకట్లో నాయినమ్మ కొంగు, ఖాలా ఓఢ్నీ కలిపి గట్టిగా ముడేశాను. ఇంటర్వెల్లో ఇద్దరూ చెరోవైపు లేచి, ఇద్దరూ కూలబడ్డారు. ఆ రోజు నా వీపు విమానం మోత మోగింది.

ఇప్పుడు అసలు సినిమా సంగతి. హీరో హిందువు, హీరోయిన్ ముస్లిం. అప్పట్లో ఇలాంటివి వచ్చేవి, ఇప్పుడూ వస్తున్నాయి. హీరోయిన్ ఇంట్లో దీపాల గుత్తులు, పావురాలు, హుక్కా పీల్చే తండ్రి. నాయినమ్మ, ఖాలా ఆ సినిమాకు వెళ్ళిన రోజు నేను ఖాలా పక్కనే కూర్చుని అడిగాను, మీ ఇంట్లో ఇవన్నీ ఎందుకు లేవు అని. ఆమె పడీపడీ నవ్వింది. "సినిమాల ముసల్మాను నీళ్ళు తాగాలన్నా ఒక షాయరీ చెప్పి తాగుతడు బేటీ. మాకు గంత పుర్సత్ ఏడిది?" అంది. నాయినమ్మ అనుమానం వేరే. "గింత పెద్ద ఇంటికి పాలెవరు పోస్తున్నరో ఒక్కపాలి గూడ సూపియ్యడు" అని విసుక్కుంది.

అది నేను రెండోసారి చూడడం. మొదటిసారి ముందురోజు మ్యాట్నీకి చిన్నత్తతో వెళ్ళాను. చిన్నత్త మా బాపుకి చెల్లెలు. ఇంట్లో అందరికంటే వేగంగా పాలు పితికేది, అందరికంటే మెల్లగా ముగ్గేసేది. మేము చూసిన సినిమాలో ఊళ్ళో గొడవలు రేగాయి, కాగడాలు పట్టుకుని జనం తరిమారు, హీరో హీరోయిన్ చేయి పట్టుకుని స్టేషన్‌కి పరుగెత్తాడు, రైలు కూత పెట్టింది, సమాప్త్ అని పడింది. జనానా అంతా చప్పట్లు కొట్టింది. చిన్నత్త నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే నా గాజు ఒకటి చిట్లింది.

మర్నాడు నాయినమ్మతో, ఖాలాతో చూస్తే రైలు కూత పెట్టాక ఇంకా చాలా సినిమా ఉంది. ప్లాట్‌ఫారం మీద అటొక గుంపు, ఇటొక గుంపు. మధ్యలో ఇద్దరూ కత్తిపోట్లకు పడిపోయారు. ఇద్దరి నెత్తురూ పారి ఒకటే మడుగైంది. అది చూసి రెండు గుంపులూ కత్తులు పారేసి ఒకళ్ళనొకళ్ళు కౌగిలించుకున్నారు. జనానాలో ఏడుపులు చూడాలి. ఖాలా ముక్కు చీదుతూ, నాయినమ్మ ఖాలా ఓఢ్నీతోనే కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చారు.

నాకు మాత్రం ఏడుపు రాలేదు. నిన్న బతికినవాళ్ళు ఇవాళ ఎట్లా చచ్చిపోయారన్నదే నా ఆలోచన. గల్లీలో రెండు పార్టీలు తయారయ్యాయి. ఆ మ్యాట్నీ చూసినవాళ్ళు బతికారన్నారు, మిగతావాళ్ళు చచ్చారన్నారు. నీళ్ళ నల్లా దగ్గర బిందెలు పక్కన పెట్టి మరీ కొట్లాడుకున్నారు. ఆగలేక భాయ్‌నే అడిగాను. అతను మా గోడ మీద మోచేతులానించి నిలబడి ఉన్నాడు. చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"ఆఖరి రీలు ఎక్కియ్యలే. సమాప్త్ ముక్క కోసి ముందట అతికించిన. ఎవ్వరికి చెప్పకు, నౌకరీ పోతది."

"ఎందుకు ఎక్కియ్యలే?"

"మీ చిన్నత్త వచ్చింది గద. గా రీలు జూస్తె ఏడుస్తది."

అంతే అన్నాడు. కొట్టంలో పాలు పితుకుతున్న చిన్నత్త తలెత్తలేదు గాని, చెంబులో పాలధార చప్పుడు ఆగిపోయింది. నాకు అర్థమైపోయింది. ఒక మనిషి కోసం మరో మనిషి సినిమాలో చావులనే ఆపేయగలడని తెలిసి నేను గాల్లో తేలిపోయాను. ఆ రహస్యాన్ని ఫిలిం ముక్కలకు అమ్ముకున్నాను కూడా. భాయ్ రోజుకొక ముక్క ఇవ్వాల్సిందే.

ఆ తర్వాత కొన్నాళ్ళకే నగరంలో ఎక్కడో ఏదో జరిగింది. ఏం జరిగిందో పిల్లలకు ఎవరూ సరిగ్గా చెప్పలేదు. పెద్దవాళ్ళు ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెప్పుకున్నారు. కర్ఫ్యూ పెట్టారు. సినిమాలో గొడవలంటే కాగడాలు, డప్పులు, అరుపులు. నేను గోడ ఎక్కి వాటి కోసమే చూశాను. మా గల్లీలో వచ్చింది నిశ్శబ్దం. కుక్కలు నడిరోడ్డు మీద పడుకున్నాయి. బర్రెలకు కర్ఫ్యూ తెలియదు కాబట్టి పాలు మాత్రం వస్తూనే ఉన్నాయి. పోసుకునేవాళ్ళు లేరు. నాయినమ్మ గోడల మీంచి అందిన ప్రతి గిన్నెలో పోసింది, అది హిందువుల గిన్నెనా, ముస్లింల గిన్నెనా అని చూడలేదు. మిగిలినవన్నీ కాచి కోవా చేసింది. కర్ఫ్యూ అంటే ఈనాటికీ నాకు గుర్తొచ్చేది కోవా వాసనే. తిని తిని మాకు మొహం మొత్తింది. ఇటు పెద్దవాళ్ళు అన్నం ముందు కూర్చుని లేచిపోయేవాళ్ళు. పక్క బస్తీలో మనుషులు పోయారు. రెండు వైపులా పోయారు.

అలాంటి రోజుల్లో ఎవరో చూశారు, చిన్నత్తా భాయ్ గోడకు అటూ ఇటూ నిలబడి మాట్లాడుకోవడం. చూసినవాళ్ళు ఊరికే ఉంటారా? మాట గల్లీ దాటింది. కర్ఫ్యూ కాసేపు సడలించిన ఒక పొద్దున, కూరగాయలకు పోవాల్సిన మగవాళ్ళు మా వాకిట్లోకి వచ్చారు. మా కులపోళ్ళు కర్రలతో వచ్చారు. భాయ్ వైపు చుట్టాలూ ఉత్తచేతులతో రాలేదు. మధ్యలో మసీదు మౌల్వీసాబ్, మా కులపెద్ద. భాయ్‌ని ఒక మూల నిలబెట్టారు. అతని చొక్కా అప్పటికే చిరిగి ఉంది. ఖాలా తన ఇంటి తలుపు పరదా వెనక నిలబడింది, ఆమె వేళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. నాకు సినిమాలోని ప్లాట్‌ఫారం గుర్తొచ్చింది. మొదటిసారి నిజంగా భయమేసింది. భాయ్‌ని చంపేస్తారనే అనుకున్నాను.

మా వాళ్ళలో ఒకడు అరిచాడు. వాళ్ళలో ఒకడు అంతకంటే గట్టిగా అరిచాడు. అప్పుడు నాయినమ్మ పాలచేతులు చీరకు తుడుచుకుంటూ మధ్యలోకి వచ్చింది.

"ఎవలని ఏమంటున్నరు? గీ పిల్లగాడు నా పాలు తాగి పెరిగిండు" అంది. మౌల్వీసాబ్ వైపు తిరిగి, ఆయనకు తెలిసేలా మళ్ళీ చెప్పింది. "మేరా దూద్ పీకే బడా హువా సాబ్. పుట్టిన నెలల తల్లికి పాలెండిపోతె నేనే తాపిన. నా ఇంటి బిడ్డ."

మౌల్వీసాబ్ ఉలిక్కిపడ్డట్టు చూశాడు. ఆయన ఈ మసీదుకు వచ్చి ఎంతో కాలం కాలేదు, నాయినమ్మ మాటతీరు ఆయనకు తెలియదు. "ఆప్ కా దూద్? రెండేండ్లు నిండక ముందే?" అని అడిగాడు.

"నెల గూడ నిండలే."

ఆయన గడ్డం నిమురుకుని అందరికీ వినబడేలా చెప్పాడు. ఒక తల్లి దగ్గర పాలు తాగిన పసివాడికి ఆ తల్లి పిల్లలంతా తోబుట్టువులే. వాళ్ళ మధ్య నికా మాటే రాకూడదు. వీళ్ళిద్దరూ దూద్ భాయి, దూద్ బహెన్. అన్నాచెల్లెళ్ళు మాట్లాడుకుంటే తప్పేముంది? బాత్ ఖతం.

వాకిలంతా ఊపిరి పీల్చుకుంది. కర్రలు దిగాయి. మా కులపెద్ద మొహం వెలిగిపోయింది. "అన్నాచెల్లెండ్లేనా? గీ ముక్క ముందుగాల చెప్పాలె గద. వచ్చే పున్నానికి రాఖీ కట్టియ్యుండ్రి, అందరి ముందట" అన్నాడు. పరదా మీద ఖాలా వేళ్ళు కదిలాయి గాని నోరు కదల్లేదు. ఆ పాలు ఎవరివో ఆమెకు తెలియదా? బాపుకు తెలియదా? జున్ను తిన్న ప్రతిసారీ విన్న నాకే తెలుసు. ఎవరూ మాట్లాడలేదు. ఎందుకు మాట్లాడతారు, అందరూ బతికి బయటపడ్డారు.

కొట్టంలోంచి చిన్నత్త వచ్చింది. చేతిలో సగం నిండిన బకెట్టు. నేరుగా మౌల్వీసాబ్ ముందుకు పోయి దాన్ని కింద పెట్టింది.

"సాబ్, మా అమ్మ చెప్పింది గీ పాలు. భైంస్ కా దూద్. బర్రె పాలు తాగినోళ్ళు అన్నాచెల్లెండ్లయితె గీ గల్లీల ఒక్కలకు గూడ నికా గాదు, లగ్గం గాదు. మీ ఇంటికి గూడ మా పాలే వస్తయి."

ఆమె చివరిదాకా చెప్పింది. ఒక్క అబద్ధాన్ని అలాగే ఉండనిస్తే అతను బతికేవాడు, తనూ బతికేది, జీవితాంతం ఆ గోడ దగ్గర నిలబడి అన్నా అని పిలుస్తూ. అదొక్కటే ఆమె వల్ల కాలేదు.

భాయ్ కళ్ళు మూసుకున్నాడు. మౌల్వీసాబ్ బకెట్టు వైపు చూశాడు, నాయినమ్మ వైపు చూశాడు, కొట్టంలో నెమరేస్తున్న బర్రెల వైపు చూశాడు. ముందు ఆయన గడ్డం కదిలింది. తర్వాత భుజాలు కదిలాయి. ఆయన నవ్వుతున్నాడు. "తౌబా, తౌబా. నేను ఈ అమ్మను ఊరికంతా తల్లిని చేసేటోణ్ణి" అన్నాడు. మా కులపెద్ద నోటికి తువ్వాల అడ్డం పెట్టుకున్నాడు. వెనక ఎవడో "భైంస్ కా దూద్" అని కిసుక్కుమన్నాడు. అందరూ నవ్వలేదు. బాపు నవ్వలేదు. ఖాలా అన్న కొడుకైతే పళ్ళు కొరుకుతూనే ఉన్నాడు. కానీ వాకిట్లో సగం మంది నవ్వాక మిగిలిన సగానికి కర్ర ఎత్తడం కుదరలేదు. అంతలో పోలీసు విజిల్ వినబడింది, సడలింపు అయిపోతోందని. కూరగాయలు కొనకుండానే అందరూ ఇళ్ళకు పరుగెత్తారు.

ఆ రోజు నన్ను తొలిచింది ఒకటే. పిడకలు చరుస్తున్న నాయినమ్మ పక్కన కూర్చుని అడిగాను, నువ్వు తెలిసే అట్లా అన్నావా అని.

"నా పాలంటె నా బర్రె పాలు గాక ఇంకేం పాలే? ఆయన అడిగిండు, నేను చెప్పిన. ఆయన ఏమనుకున్నడో ఆయనకెరుక" అంది. ఇంకో పిడక గోడకు కొట్టి, కాసేపటికి తనే అంది. "మంచిగనే అనుకున్నడు. మీ చిన్నత్త నోరు మూసుకుంటె అయిపోతుండె. ఎట్లనో గట్ల ఇద్దరు బతికుంటె సాలనుకున్న బిడ్డా." నాయినమ్మ ఏడవడం నేను సినిమాహాలు బయట చూడడం అదే మొదలు.

కర్ఫ్యూ ఎత్తేశాక ఒక పొద్దున చిన్నత్త లేదు, భాయ్ లేడు. బీదర్‌లో ఏదో టాకీసులో అతనికి పని దొరికిందని, ఆఫీసులో సంతకాలు పెట్టి పెండ్లి చేసుకున్నారని తర్వాత తెలిసింది. ఎవరు ఏ మతంలోకి మారారని గల్లీ అంతా ఆరా తీసింది. ఎవరూ మారలేదట. నా ఆరా వేరే. ఇప్పుడు అతన్ని భాయ్ అనాలా, మామయ్య అనాలా? బాపును అడిగితే చెంప ఛెళ్ళుమంది.

ఖాలా మా దగ్గర పాలు మానేసింది. అంతదూరం బహదూర్‌పురా నుంచి తెప్పించుకునేది. గోడ మీద గిన్నెలు ఆగిపోయాయి. ఆ రంజాన్‌కి శీర్ ఖుర్మా వాసన గోడకు అవతలే ఉండిపోయింది. నాయినమ్మ ఆ రోజంతా గొంతు పెంచి బర్రెలను తిట్టింది. ఇద్దరూ ఒకే సినిమాకు, వేర్వేరు ఆటలకు పోయేవాళ్ళు.

ఏడాది తిరిగి ఉంటుంది. ఒక పొద్దున పాలు పోసే వేళకు ఖాలా మా వాకిట్లోకి వచ్చింది. గోడ మీంచి కాదు, గుమ్మం ముందుకు. చేతిలో పెద్ద గిన్నె. గిన్నెలు పట్టుకుని నిలబడ్డవాళ్ళంతా దారిచ్చి పక్కకు జరిగారు. బాపు పితకడం ఆపాడు.

"ఆపా" అంది ఖాలా, అక్కా అని. "ఖీర్ జెయ్యాలె. కొంచెం ఎక్కువ పాలు గావాలె." గిన్నె అంచు ఓఢ్నీతో తుడిచింది. "బీదర్ నుంచి ఖబర్ వచ్చింది. ఆడపిల్ల. ఇద్దరు మంచిగున్నరు."

నాయినమ్మ చేతిలో కొలచెంబు అట్లాగే ఉంది. ఖాలా మొహంలోకి చూసింది. ఏం తిడుతుందోనని అందరం చూస్తున్నాం. ఆమె వెనక్కి తిరిగి, ఇంట్లో ఉన్న మా అమ్మకు వినబడేలా, గల్లీ మొత్తానికి వినబడేలా పిలిచింది.

"ఓ పిల్లా, పీట తెచ్చి వెయ్యి. మన సమ్ధనొచ్చింది."

సమ్ధన్ అంటే వియ్యపురాలు. బాపు తల దించుకుని, మళ్ళీ పాలు పితకడం మొదలుపెట్టాడు. ఖాలా పీట మీద కూర్చుని మొహం ఓఢ్నీలో దాచుకుంది. నాకు ఎక్కడలేని ఏడుపూ వచ్చింది. ఎందుకో అడగడానికి కూడా తోచలేదు.

ఇప్పుడు నాయినమ్మ లేదు, ఖాలా లేదు, బాపూ లేడు. టాకీసు ఫంక్షన్ హాలయింది, కొట్టం మీద మూడంతస్తులు లేచాయి. మామయ్యకు షుగరు, చిన్నత్తకు మోకాళ్ళ నొప్పులు. ఫోన్ చేస్తే ఒకరి మీద ఒకరు చాడీలు చెబుతారు. అలాంటి సినిమాలు మాత్రం వస్తూనే ఉన్నాయి, ఒక్కటి కూడా వదలకుండా చూస్తాను. మంటలుంటాయి, పాటలుంటాయి, రైలుంటుంది, కత్తులు పారేసే జనముంటారు. హాలు ఖాళీ అయ్యాక కూడా పేర్లన్నీ పడేదాకా కూర్చుంటాను, ఇంకేమైనా చూపిస్తాడేమోనని. ఏ సినిమాలోనూ ఇంతవరకు ఒక తల్లి ఇంకో తల్లిని సమ్ధన్ అని పిలవగా నేను వినలేదు.